సున్నా కాదు, గీత

ఎవాండ్రో రాసిన ప్రోగ్రామ్ పందొమ్మిదేళ్ళలో తనంతట తాను ఒక్కసారి కూడా ఆగిపోలేదు. అది ఆగదన్న సంగతి ఆయన నోటితో చెప్పుకోనక్కర్లేదు, మున్సిపల్ ఆఫీసులో ఆయన కుర్చీ వెనక గోడకు కొట్టిన ఇత్తడి పలకే చెబుతుంది. సాంతా ఎవులాలియా పట్టణంలో పదకొండు కొండలు. వాటి మీద వాన కొలిచే గొట్టాలు ఇరవై ఆరు. వాన హద్దు దాటితే ఇళ్ళలోని జనాన్ని కిందికి దించడానికి కొండకో సైరన్. వీటన్నిటినీ రేయింబవళ్ళు కనిపెట్టుకుని ఉండేది, సి అనే కంప్యూటరు భాషలో ఆయన ఒంటిచేత్తో రాసిన ఆ ఒక్క ప్రోగ్రామే. కరెంటు పోయినా నడిచింది, నలుగురు మేయర్లు మారినా నడిచింది. ఆయన కాపురం మాత్రం అన్నేళ్ళు నడవలేదు.

ఎంత వాన పడితే సైరన్ మోగాలి అన్న నియమాలు కూడా ఆ ప్రోగ్రామ్ కడుపులోనే ఉండేవి. ఫలానా కొండ వాళ్ళు "మా మట్టి మెత్తన, మాకు హద్దు తగ్గించండి" అని అక్కడి వానాకాలమైన జనవరిలో అర్జీ పెట్టుకుంటే, ఎవాండ్రో దాన్ని చదివి, మడిచి, సొరుగులో పెట్టి, జులైలో ఆకాశం ఎండిపోయాక బయటికి తీసేవాడు. అప్పుడు ప్రోగ్రామ్‌ను ఆపి, మార్చి, నెల రోజులు పరీక్షించి మళ్ళీ ఎక్కించేవాడు. ఈ లోపల ఆ ఏటి వాన కురవడం, వెలవడం కూడా అయిపోయేది. ఎవరైనా ఏమన్నా అంటే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడు.

కొత్తగా వచ్చిన అధికారిణి ఇవోని ఆ మాట వినే మనిషి కాదు.

"ఎవాండ్రో గారూ, మనం గొడుగులు పంచుతున్నాం గానీ వాన వెలిశాక పంచుతున్నాం" అంది మేనెల్లో ఒక ఉదయం, నిలబడే కాఫీ తాగుతూ. "నియమాలు బయటికి తీసెయ్యండి. ఏ కొండ నియమం ఆ కొండ వాళ్ళే రాసుకుంటారు. మన రియోలోనే పుట్టిన భాష ఒకటుంది కదా, లువా. దాన్ని మీ ప్రోగ్రామ్‌లో పెట్టండి."

"వంటవాళ్ళు, మేస్త్రీలు వచ్చి నా ప్రోగ్రామ్‌లో రాస్తారా?"

"మీ ప్రోగ్రామ్‌లో కాదు, దాని పక్కన. అయినా ఆ కొండ మీద బతికేది వాళ్ళా, మీరా?"

"కొరివితో తల గోక్కోవడమే ఇది. ఒక్కడు తప్పు రాస్తే పదకొండు కొండలూ మూగబోతాయి."

"మూగబోకుండా చెయ్యడం మీకు తెలుసు. తెలియకపోతే చెప్పండి, తెలిసినవాళ్ళని పిలిపిస్తాను."

ఆ చివరి మాట తగలవలసిన చోటే తగిలింది. ఎవాండ్రో వారం రోజులు ముఖం మాడ్చుకుని తిరిగి, ఎనిమిదో రోజున పని మొదలుపెట్టాడు.

మొదలుపెట్టాక, ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ, ఆ పని ఆయనకు నచ్చింది. లువా చిన్న భాష. దాని ఇంటర్‌ప్రెటర్ ఒక దుబాసీ లాంటిది. ఎవరో మామూలు అక్షరాల్లో రాసిపెట్టిన స్క్రిప్ట్‌ను చదివి, అందులో చెప్పిన పనిని అప్పటికప్పుడు చేసిపెడుతుంది. ఆ దుబాసీని తన సి ప్రోగ్రామ్‌లోనే ఒక గదిలో కాపురం పెట్టించాలి. ఇంటివాడూ అద్దెకున్నవాడూ ముఖాముఖి మాట్లాడుకోరు. మధ్యలో పళ్ళేల దొంతర లాంటిది ఒకటి ఉంటుంది. సి ఒక విలువను తెచ్చి దొంతర మీద పెడుతుంది, లువా దాన్ని తీసుకుంటుంది. జవాబు కూడా అలాగే దొంతర మీదికి వస్తుంది. పెట్టినవాడు తీయడం మరిచిపోతే దొంతర పెరిగి పెరిగి ఏదో ఒకనాడు నెత్తిన పడుతుంది. ఎవాండ్రో మొదటి రెండు వారాలూ పళ్ళేలు లెక్కపెడుతూనే గడిపాడు.

ఆ తర్వాత కాపలాలు పెట్టాడు. స్క్రిప్ట్‌ను ఉత్తినే పిలిస్తే అందులో తప్పు దొర్లిన మరుక్షణం ఇల్లంతా కూలిపోతుంది. కాపలా పెట్టి పిలిస్తే ఆ తప్పు అద్దె గదిలోనే ఆగిపోయి, ఏం జరిగిందో ఒక చీటీ వస్తుంది. ఎవరైనా ఎప్పటికీ తెగని లెక్క రాస్తే, ఇన్ని అడుగులు వేశాక చెయ్యి పట్టుకుని ఆపే ఏర్పాటు కూడా చేశాడు. చివరికి అద్దె గదిలోకి నాలుగే నాలుగు కిటికీలు తెరిచాడు. వాన ఎంత, టైము ఎంత, సైరన్ మోగించు, ఫలానా మనిషికి ఫోన్ చెయ్యి. అంతకు మించి వాళ్ళకేం అక్కర్లేదని ఆయన నిశ్చయం.

సెప్టెంబరులో కొండకొకరు చొప్పున పదకొండు మందిని పిలిచి నేర్పారు. జురిటి కొండ నుంచి వచ్చినావిడ జందీరా, అందరూ గౌరవంగా దోనా జందీరా అంటారు. అరవై ఆరేళ్ళు. బడిలో పిల్లలకు ముప్ఫై ఏళ్ళు వండిపెట్టి రిటైరయింది. తన ఇంటి కప్పు మీద ప్లాస్టిక్ గొట్టం ఒకటి పెట్టుకుని, వాన కురిసిన ప్రతిసారీ పది నిమిషాలకొకసారి చూసి నోటుపుస్తకంలో రాయడం ఆవిడ అలవాటు. ఆ పుస్తకాలు పద్నాలుగు అయ్యాయట. లువా గురించి ఎవాండ్రో గంటన్నర చెప్పిందంతా ఆవిడ వింది. కళ్ళజోడు సర్దుకుని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"గొట్టం పలక్కపోతే ఏమొస్తుంది నాయనా?"

"పలక్కపోవడమంటే, దోనా జందీరా?"

"మా కొండ మీది రెండు గొట్టాల్లో పైగొట్టం సంగతి మీకు తెలీదా? గట్టి వాన వచ్చిందంటే దానికి నోరు పడిపోతుంది. పనస చెట్టు కింద పెట్టారు దాన్ని, ఆకులు పడి మూసుకుంటుంది. లేకపోతే పిడుగుకి లైను పోతుంది. అప్పుడు నేను వాన ఎంత అని అడిగితే మీ ప్రోగ్రామ్ ఏమంటుంది?"

"సున్నా అంటుంది."

"సున్నా అంటే వాన పడలేదని కదా."

"అవును."

"పడుతోందిగా!"

వెనక ఎవరో నవ్వారు. ఎవాండ్రో చెవులు ఎర్రబడ్డాయి. "చూడండి, సి లో అంకె ఉండాల్సిన చోట ఏదో ఒక అంకె ఉండి తీరాలి. ఖాళీగా వదలడం కుదరదు. ఏ అంకే రానప్పుడు సున్నా పెడతాం. అందరూ చేసే పనే."

"బడిలో నేను అట్లా రాస్తే ఉద్యోగం ఊడేది" అంది జందీరా. "రోజూ ఏ పిల్లాడు ఎన్ని పళ్ళేలు తిన్నాడో పుస్తకంలో వేసేదాన్ని. బడికి వచ్చి తినకపోతే సున్నా. అసలు బడికే రాకపోతే గీత. సున్నా కనిపిస్తే వాళ్ళమ్మని పిలిచి, పిల్లాడికి ఒంట్లో బాలేదా అని అడిగేవాళ్ళం. గీత కనిపిస్తే ఇంటికే వెళ్ళి చూసేవాళ్ళం. రెండూ ఒకటే అంటే ఎట్లా? నాకు గీత కావాలి."

"అది అంత సులువు కాదు."

"ఏం, మీ లువాలో గీత లేదా?"

ఉంది. అక్కడే వచ్చింది చిక్కు. లువాలో 'ఏమీ లేదు' అని చెప్పడానికి ప్రత్యేకంగా ఒక విలువ ఉంది, నిల్ అంటారు. అది సున్నా కాదు, ఖాళీ మాట కూడా కాదు. తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికే పుట్టింది. దొంతర మీద సున్నాకు బదులు దాన్ని పెట్టడానికి ఎవాండ్రో రెండు వరుసలు మారిస్తే చాలు. ఆ సాయంత్రం అలక తీరాక ఆ రెండు వరుసలూ మార్చాడు. అంకె కోసం చూసే నియమానికి నిల్ తగిలితే తప్పు వచ్చి చీటీ వస్తుంది కాబట్టి, చీటీ వచ్చిన వెంటనే ఆ కొండ మనిషికి ఫోన్ వెళ్ళేటట్టు చేశాడు. అంతా కలిపి గంటన్నర పని.

ఇంటికి వెళ్దామని లేచాడు గానీ మళ్ళీ కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ గొట్టం మూగబోయిన ప్రతిసారీ తన ప్రోగ్రామ్ 'వాన లేదు' అని చెప్పిందన్న మాట. గత గంటలో పడిన వానంతా కూడి, హద్దు దాటితేనే మోగించేది అది. మధ్యలో సున్నాలు పడితే ఆ మొత్తం హద్దు దాటేదెప్పుడు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే ఆయన చెయ్యి పాత రికార్డుల వైపు వెళ్ళింది. జురిటి కొండ, తొమ్మిదేళ్ళ కిందటి ఫిబ్రవరి. ఆ తేదీ ఊళ్ళో అందరికీ తెలిసిందే.

పైగొట్టం, మధ్యాహ్నం రెండూ పది, పద్నాలుగు మిల్లీమీటర్లు. రెండూ ఇరవై, పదిహేడు. రెండున్నర, సున్నా. రెండూ నలభై, సున్నా. అక్కడి నుంచి కిందికంతా వరుసగా సున్నాలే. కింది గొట్టం ఒక్కటే మెల్లగా కూడుకుంటూ వచ్చి హద్దు దాటేసరికి మూడూ పన్నెండయింది. సైరన్ మోగింది మూడూ పన్నెండుకి. కొండచరియ జారింది మూడూ నాలుగుకి.

ఇద్దరు పోయారు. వాన ఒక్కసారిగా విరుచుకుపడిందని విచారణలో రాశారు. అంత వానలోనూ, కరెంటు పోయినా, ప్రోగ్రామ్ ఆగలేదని ఎవాండ్రోను మెచ్చుకున్నారు. గోడ మీది ఇత్తడి పలక ఆ ఏడే వచ్చింది. ఆ రోజు కేకు కూడా కోశారు, ఆయన రెండు ముక్కలు తిన్నాడు.

పోయిన ఇద్దరిలో ఒకడి పేరు వల్దెసీర్, జందీరా తమ్ముడు.

ఆ తర్వాత రెండు నెలలు ఎవాండ్రో ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కూడా. తప్పు సరిదిద్దేశాడు, కొత్త ఏర్పాటు డిసెంబరు వానలకు సిద్ధమవుతోంది, ఇంకో పద్నాలుగు నెలల్లో తను రిటైర్ అవుతాడు. పాతది తవ్వితే పోయినవాళ్ళు లేచి వస్తారా? ఇలా తనకు తాను రోజూ నచ్చజెప్పుకున్నాడు. రోజూ నచ్చజెప్పుకోవలసి వచ్చింది కాబట్టి, అది నచ్చలేదనే అనుకోవాలి. తిండి సహించలేదు. వీపు వెనక ఆ పలక ఉందన్న ధ్యాసతో కుర్చీని గోడ నుంచి దూరంగా జరుపుకున్నాడు.

నవంబరు చివర్లో జందీరా రాసిన నియమం మీద ఆవిడ సంతకం కావలసి వచ్చింది. ఎవరి చేతనైనా పంపించొచ్చు. ఎవాండ్రో తనే పట్టుకుని, రెండు వందల పన్నెండు మెట్లెక్కి, రొప్పుతూ ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు.

"కూర్చో నాయనా, ముందు కూర్చో. ఇక్కడ పోయావంటే నిన్ను దించడానికి నలుగురు కావాలి" అని జందీరా కాఫీ పోసి, మొక్కజొన్న పిండి కేకు కోసి ముందు పెట్టింది. ఆయన కేకును పక్కకు జరిపాడు.

"దోనా జందీరా, ఒక మాట చెప్పాలి. మీ తమ్ముడి సంగతి."

ఆవిడ కత్తి పక్కన పెట్టింది. ఎవాండ్రో చెప్పాడు. రెండున్నర నుంచి ఉన్న సున్నాల గురించి, అవి సున్నాలు కావని, గొట్టం పలకలేదని, అది పలకనప్పుడు సున్నా వెయ్యమన్నది తనేనని, గొట్టం మూగబోయిందన్న సంగతి ప్రోగ్రామ్ దాచిపెట్టకుండా ఉంటే మూడు కొట్టకముందే జనాన్ని దించగలిగేవాళ్ళమని చెప్పాడు. చెబుతున్నంతసేపూ టేబుల్ మీది గుడ్డ అంచునే చూశాడు.

జందీరా లేచింది. లోపలికి వెళ్ళి ఒక నోటుపుస్తకం తెచ్చి ఆయన ముందు తెరిచింది. ఆవిడ ఇంటి కప్పు మీది గొట్టం లెక్క ఒక వైపు, మెట్ల పైనున్న ఆఫీసు గొట్టం పెట్టెలో చూసి రాసుకున్నది ఇంకో వైపు. రెండూ పది, పద్నాలుగు. రెండూ ఇరవై, పదిహేడు. రెండున్నర దగ్గర పెన్సిలుతో గీత. దాని కింద ఇంకో గీత. ఆ వైపంతా గీతలే. ఇటు వైపు మాత్రం పంతొమ్మిది, ఇరవై రెండు, ఇరవై.

"మీ ఆఫీసుకి ఫోన్ చేశాను" అంది. "మీ గొట్టం చచ్చింది, ఇక్కడ కుండపోతగా ఉంది అని చెప్పాను. ఎవరో కుర్రది ఎత్తింది. 'మా మెషీన్‌లో మీ దగ్గర వాన తగ్గిపోయిందని ఉందండీ' అంది. దాన్నేమనగలను? దాని ఎదురుగా కనిపించిందే అది చెప్పింది."

ఎవాండ్రో ఆ గీతల మీద వేలు పెట్టి కిందిదాకా లెక్కపెట్టాడు.

"వల్దెసీర్‌కీ చెప్పాను. కిందికి పోదాం రారా అన్నాను. అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. 'నీదంతా కంగారక్కా, సైరన్ మోగితే వస్తాలే' అన్నాడు. సొంత అక్క కన్నా మీ సైరన్ మీద నమ్మకం వాడికి." ఆవిడ పుస్తకం మూసి పక్కన పెట్టింది. మళ్ళీ అంది, "తొమ్మిదేళ్ళు నేననుకున్నదేంటో తెలుసా? ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సింది, చెయ్యి పట్టి లాక్కుపోవాల్సింది అని. తప్పు నాదే అనుకున్నా."

"మీది కాదు."

"ఇప్పుడు తెలిసిందిగా." ఆ మాటలో క్షమించడమూ లేదు, శపించడమూ లేదు. "ఇది కాగితం మీద రాస్తావా? నీ పేరు పెట్టి?"

"రాస్తాను."

"అయితే సంతకం ఎక్కడో చూపించు. రాశాక ఒక కాపీ నాకు పంపు. పుస్తకంలో పెట్టుకుంటాను."

కేకు ఆయన తినలేదు. ఆవిడ కూడా తినమనలేదు.

ఎవాండ్రో రాశాడు. ఇవోని చదివి, తలుపు వేసి, "ఇది పైకి పంపితే మీ పెన్షన్ దాకా రావచ్చు, తెలుసుగా?" అంది. తెలుసన్నాడు. ఆవిడ ఇంకోసారి చదివి, కింద తన సంతకం కూడా పెట్టి పంపింది. విచారణ మళ్ళీ తెరిచారు, ఇప్పటికీ సాగుతూనే ఉంది. ఇత్తడి పలకను ఎవాండ్రో స్క్రూడ్రైవరు తెచ్చి తనే ఊడదీశాడు. గోడకు నాలుగు బొక్కలు మిగిలాయి.

ఫిబ్రవరి రెండో వారంలో, మధ్యాహ్న భోజనాలు అయిన కాసేపటికి, జురిటి కొండ మీద ఆకాశం నల్లబడింది. డ్యూటీలో ఎవాండ్రో ఉన్నాడు. తెర మీద పైగొట్టం పన్నెండు చూపించింది, తర్వాత పదహారు. ఆ తర్వాత అంకె ఉండవలసిన చోట చిన్న గీత కనిపించింది.

జందీరా రాసిన నియమం ఆరు వరుసలు. పైగొట్టం పలకనప్పుడు, కింది గొట్టంలో పది దాటి ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు, మోగించెయ్యమని దాని సారాంశం. ప్రోగ్రామ్ దొంతర మీద నిల్ పెట్టింది, దుబాసీ తీసుకుంది, చదివింది. ఎవాండ్రో కుర్చీలోంచి లేవకముందే సైరన్ మోగింది. టైము రెండూ నలభై ఒకటి.

ఫోన్ మోగింది.

"గీతేనా నాయనా?"

"గీతే, దోనా జందీరా."

"సరే. అందర్నీ బడికి దింపుతున్నా" అని పెట్టేసింది.

మూడూ ఇరవైకి చరియ జారింది. మెట్ల దారి పైభాగాన్నీ, మూడు ఇళ్ళనూ బురద ఊడ్చుకుపోయింది. అగ్నిమాపక దళం వాళ్ళు బయల్దేరారు. ఎవాండ్రో డ్యూటీ రిజిస్టరు తెరిచి, తేదీ వేసి, సైరన్ మోగిన టైము వేసి, జందీరాకు ఫోన్ చేశాడు. వెనక పిల్లల ఏడుపులు, కుక్కల అరుపులు, 'ఇంకో దుప్పటి ఇటు ఇవ్వండమ్మా' అని ఎవరో అనడం వినిపిస్తున్నాయి.

"కనిపించనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. చేతిలోని పెన్ను 'కనిపించనివారు' అన్న గడి మీద ఉంది. అలవాటు చొప్పున గుండ్రంగా తిరగబోయింది.

"రాశావా ఏంటి?"

"లేదు."

"గీత పెట్టు. ఇంటింటి పేర్లూ చదువుతున్నా. మొత్తం నూట ఎనభై ఏడు మంది ఉండాలి, నూట ఎనభై ఆరే వచ్చారు. ముసలి ఒతసీలియు కనిపించట్లేదు. పెట్టెయ్యకు, లైన్లోనే ఉండు."

ఎవాండ్రో గీత పెట్టాడు. ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. ఇవోని వచ్చి పక్కన నిలబడింది. జందీరా పేర్లు పిలుస్తూనే ఉంది, ఎవరెవరో పలుకుతూనే ఉన్నారు. నాలుగు నిమిషాలు గడిచాయి, తర్వాత ఆరు. ఇన్నేళ్ళలో అంకె లేని ఒక గడి ముందు ఇంతసేపు కూర్చోవడం ఆయనకిదే మొదటిసారి.

ఉన్నట్టుండి అవతల ఎవరో తిట్టడం, పదిమంది ఒక్కసారిగా నవ్వడం వినిపించాయి.

"బడి వంటింట్లో ఉన్నాడు ఈ ముసలి దెయ్యం!" జందీరా అరిచింది. "మేం ఇక్కడ చస్తుంటే, లోపల కాఫీ పెట్టుకుంటున్నాడు! పంచదార ఎక్కడుందని నన్నే అడుగుతున్నాడు! నా వంటిల్లు, నాకు తెలీదా!" అరుస్తూనే ఏడుస్తోంది. "నాయనా, ఉన్నావా?"

"ఉన్నాను, దోనా జందీరా."

"నూట ఎనభై ఏడు. అందర్నీ నా కళ్ళతో చూశాను. ఇప్పుడు రాయి."

ఎవాండ్రో గీతను కొట్టేసి, దాని పక్కన సున్నా చుట్టాడు.